పాటకు పెట్టిన యుద్ధం

యుద్ధం అయిపోయాక ఏం మిగులుతుందని ఎవరైనా వేదాంతంలోకి దిగితే మా నాన్న ఒక్క ముక్కలో తేల్చేసేవాడు: "సరుకు మిగుల్తుంది." ఆయన బెజవాడలో డిస్పోజల్ వ్యాపారి. ఇప్పటి పిల్లలకి ఆ మాటే తెలియదు. మిలిటరీ వాళ్ళు వద్దనుకున్న సామానుని డిపోల్లో వేలం పాడి తెచ్చి, విడగొట్టి, బాగుచేసి, జనానికి అమ్ముకుని బతికిన వర్గమొకటి 1946 నుంచి ఓ పదిహేనేళ్ళపాటు ఉండేది. లారీల వాళ్ళు, టెంటు గుడ్డల వాళ్ళు, రేడియో సామాను వాళ్ళు, పాతినుము వాళ్ళు. అందర్నీ కలిపి డిస్పోజల్ వాళ్ళనేవారు. పిల్లనివ్వడానికి కాస్త ఆలోచించేవారు, అప్పివ్వడానికి మాత్రం ఆలోచించేవారు కాదు.

అంత సరుకు ఎలా మిగిలిందంటే, యుద్ధం ఎవరూ అనుకోని రోజున ఆగిపోవడం వల్ల. 1942లో బర్మా జపాను చేతికి పోయింది. అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. కోస్తా ఊళ్ళల్లో జనం మూటాముల్లె సర్దుకుని లోపలికి పరిగెత్తారు. అప్పట్నుంచి తూర్పు యుద్ధానికంతకీ మన దేశమే గిడ్డంగి. భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. వాళ్ళు కాక ఇంగ్లీషు వాళ్ళు, ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ళు, అస్సాం మీదుగా చైనాకి రోడ్డేస్తున్న అమెరికా వాళ్ళు. వీళ్ళందరికీ బట్ట, తిండి, బండి, మందు, గుండు. 1945 సెప్టెంబరులో మలయా మీద దండెత్తాలని రేవుల దగ్గర, డిపోల్లో సరుకు గుట్టలుగా పోశారు. ఆగస్టులో అణుబాంబులు పడ్డాయి, జపాను లొంగిపోయింది. మరో ఏడాదో రెండేళ్ళో సాగుతుందనుకున్న యుద్ధం కోసం తెప్పించిందంతా అలాగే ఉండిపోయింది. కొన్ని పెట్టెలకు మేకులు కూడా ఊడదియ్యలేదు.

గెలిచిన ప్రతి ప్రభుత్వానికీ అక్కడ ఒకే చిక్కు. అంతా ఒక్కసారి బజార్లో పోస్తే ధరలు పడిపోతాయి, కొత్త బళ్ళు చేసే ఫ్యాక్టరీ వాడు, బట్ట నేసే మిల్లు వాడు లబోదిబోమంటారు. పోయకుండా దాచిపెడితే షెడ్ల అద్దె, కాపలా, గుమాస్తాల జీతాలు మీద పడతాయి. ఈలోగా రబ్బరు పగుళ్ళిస్తుంది, తోలు బూజు పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నదేమిటంటే, ఈ చిక్కులోంచి తెలివిగా బయటపడ్డవాళ్ళు బహు తక్కువ.

మొదటి యుద్ధం తర్వాత ఇంగ్లండులో స్లౌ అనే చోట పాత మిలిటరీ బళ్ళు బాగుచేసే పెద్ద డిపో ఒకటుండేది. దాని మీద పేపర్లలో, పార్లమెంటులో తిట్లు పడీ పడీ, 1920లో ప్రభుత్వం స్థలమూ షెడ్లూ వేల బళ్ళూ కలిపి 70 లక్షల పౌన్ల పైచిలుకుకి ఒక బృందానికి అమ్మి చేతులు దులుపుకుంది. కొన్నవాళ్ళు బళ్ళు అమ్ముకున్నారు. ఖాళీ అయిన షెడ్లు ఫ్యాక్టరీలకి అద్దెకిచ్చారు. అదే పెరిగి పెరిగి పెద్ద పారిశ్రామికవాడ అయింది. దీనికి సరిగ్గా ఎదురు కథ పసిఫిక్‌లోది. ఇప్పుడు వనువాటు అంటున్న దేశంలో ఎస్పిరిటు శాంటో అని ఒక దీవి ఉంది. యుద్ధమయ్యాక అమెరికా వాళ్ళు అక్కడున్న బుల్డోజర్లు, లారీలు, జీపులు చవగ్గా ఇస్తాం తీసుకోమని దీవిని ఏలుతున్న ఇంగ్లీషు, ఫ్రెంచి దొరల్ని అడిగారు. ఎలాగూ వదిలేసి పోతారు కదా, ఊరికే వచ్చేదానికి డబ్బెందుకని దొరలు బిగుసుకున్నారు. అమెరికా వాళ్ళకి ఒళ్ళు మండి బళ్ళన్నీ సముద్రంలోకి తోలేశారు. ఆ చోటికి మిలియన్ డాలర్ పాయింట్ అని పేరు పడింది, ఇప్పుడు సరదాగా నీళ్ళల్లోకి దూకేవాళ్ళు వెళ్ళి చూసొస్తారు. బేరం మరీ లాగితే ఏమవుతుందో నాన్నకి ఆ దీవి సంగతి తెలియకుండానే తెలుసు.

మన దగ్గరా అలాంటిది జరిగింది. కాన్పూరు దగ్గర చకేరీలో లిబరేటర్ బాంబర్లు గుంపులుగా నిలిపి ఉండేవి. అమెరికా అరువు పద్ధతి మీద ఇంగ్లీషు వాళ్ళకిచ్చిన విమానాలవి. పని అయిపోయాక ఎవరికీ పనికిరాకుండా చెయ్యాలని వాటిని ట్రాక్టర్లతో గుద్దించారని, మీటర్లు పగలగొట్టారని, ఇంజన్లలో ఇసుక పోశారని చెబుతారు. అలాంటి శవాల్లోంచి బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు నలభై దాకా లేపారు. అక్కడికక్కడ ఎగరడానికి సరిపడా అతుకులు వేసి, జంషెడ్ మున్షీ అనే పైలట్ ఒక్కోదాన్నీ బెంగుళూరు దాకా నడిపించుకుపోతే, అక్కడ పూర్తిగా బాగుచేశారు. 1948 చివర్నుంచి మన వైమానిక దళానికి బరువు బాంబర్లంటే అవే. అరవైల చివరి దాకా సముద్రం మీద కాపలా తిరిగాయి. చివరికి ఇంగ్లండు మ్యూజియం వాళ్ళకి తమ దగ్గర ఒక్కటీ మిగల్లేదు, మనల్నడిగి తీసుకెళ్ళారు. నాకు ఈ కథ చాలా ఇష్టం. పాతసామాను మీద బతికిన ఇంట్లో పుట్టినవాడికి ఉండే గర్వం అది.

లారీలకి ముందు డకోటాల మాట ఒకటి చెప్పాలి. యుద్ధంలో సిపాయిల్నీ మూటల్నీ మోసిన డకోటా విమానాలు మిగులు కింద చవగ్గా దొరికేసరికి దేశంలో ఏ మూల చూసినా ఒక విమాన కంపెనీ లేచింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవీ డకోటాలే. ఒరిస్సాలో బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్‌వీ అవే. 1953లో అన్నిటినీ జాతీయం చేసి కలిపేశారు. హైదరాబాదు నుంచి మొదటిసారి విమానమెక్కిన మన పెద్దవాళ్ళు చాలామంది, తెలిసో తెలియకో, డిస్పోజల్ సరుకే ఎక్కారు.

భారత ప్రభుత్వం తన సరుకూ, బ్రిటిషు వాళ్ళు వదిలిందీ అమ్మడానికి ప్రత్యేకంగా డిస్పోజల్స్ డైరెక్టరేటు అని ఒకటి నడిపింది. 1946 మే 16న అమెరికాతో ఒప్పందం కుదిరి, వాళ్ళు ఇక్కడ వదిలేస్తున్న మిగులు సరుకు లెక్క కూడా తేలిపోయింది. ఇంటికి పోవాలన్న తొందర వాళ్ళది. ఇంకేముంది, అమ్మే భారమంతా ఢిల్లీ మీదే పడింది. ఏ డిపోలో ఏముందో కాగితం మీద ఒకటి, షెడ్డులో ఒకటి. మద్రాసు, బొంబాయి, కలకత్తా పేపర్లలో వేలం ప్రకటనలు వరసగా పడేవి. మా ఇంటికి వచ్చే ఇంగ్లీషు పేపర్లో నాన్న చదివేది అదొక్కటే. వార్తల పేజీలు మేం అట్టలేసుకోవడానికి.

ప్రకటనలో ప్రతిదాని కిందా ఒకే షరతు: యాజ్ ఈజ్, వేర్ ఈజ్. సరుకు ఎలా ఉందో అలా, ఎక్కడుందో అక్కడ. కొన్నాక ఇది పని చెయ్యదు, అది తక్కువైందని వస్తే వినేవాడు లేడు. అందుకే తనిఖీ రోజులకి అంత విలువ. వేలానికి ముందు రెండు మూడు రోజులు గేట్లు తెరిచి సరుకు చూసుకోనిచ్చేవారు. ఆ రోజుల్లో చూసిందే చూపు.

వేసవి సెలవుల్లో నన్నొకసారి నాన్న మద్రాసు పక్కన ఆవడికి తీసుకెళ్ళాడు. తర్వాత 1955లో కాంగ్రెసు మహాసభ జరిగిన ఆవడే. యుద్ధంలో అది పెద్ద మిలిటరీ కేంద్రం. మైదానమంతా లారీలు వరసలు తీరి ఉన్నాయి. టైర్ల మధ్య గడ్డి నా మోకాళ్ళ దాకా మొలిచింది. ఒక్కో బండికీ సుద్దతో నంబరు రాసుంది. ఎక్కువ భాగం కెనడాలో చేసిన మొండిముక్కు ఫోర్డులూ షెవర్లేలూ. వాటి ముందు అద్దం పైభాగం బయటికి, కింది భాగం లోపలికి వాలి ఉంటుంది. ఆకాశంలో తిరిగే విమానానికి ఎండ తళుక్కు కనపడకుండా అలా పెట్టారట. ఇంజను సగం క్యాబిను లోపలికే ఉంటుంది. డ్రైవరు ఎడంకాలు మే నెలలో ఉడికిపోతుంది.

నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు, ఏమీ ముట్టుకోకుండా. తర్వాత డిప్‌స్టిక్ లాగి నూనె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది వాసన చూసేవాడు. నూనె పాలలా తెల్లబడితే లోపలికి నీళ్ళు దిగినట్టు. అలాంటి బండి దగ్గర్నుంచి మాట్లాడకుండా పక్కకి జరిగేవాడు. రేడియేటరు మూత తీసి వేలు పెట్టేవాడు. హ్యాండిలేసి ఇంజను అర చుట్టు తిప్పి, ఎక్కడ బిగుసుకుంటుందో చెయ్యి చెప్పేది ఆయనకి. ఛాసిస్ కింద పడుకుని గోరుతో తుప్పు గీకేవాడు. ఇవన్నీ చేస్తూ కూడా ముఖంలో ఏమీ కనపడనిచ్చేవాడు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళు బండినెంత చూస్తున్నారో ఎదుటివాడి ముఖాన్నీ అంతే చూస్తున్నారు. బాగా నచ్చిన లాటు ముందు ఆయన ఆవలించేవాడు. ఆ ఆవలింత సంగతి మా పెద్దమావయ్యకి తప్ప ఎవరికీ తెలియదు.

లాటు కట్టడంలో సర్కారు తెలివి సర్కారుది. నాలుగు మంచి బళ్ళతో ఆరు తుక్కు బళ్ళు కలిపి ఒక లాటు. మంచివి విడిగా అమ్మరు. మంచివి మాత్రమే అమ్మితే తుక్కు తమ నెత్తిన మిగిలిపోతుందని భయం. కొనేవాడికి ఆ ఆరు బళ్ళలో ఏముందో చూడ్డమే విద్య. ఒకదాంట్లో గేర్ బాక్సు, ఇంకోదాంట్లో వెనక ఇరుసు, మరోదాంట్లో నాలుగు రిమ్ములు. తుక్కు బళ్ళల్లోంచి లాగిన సామాన్లతో మంచి బళ్ళు పదేళ్ళు నడుస్తాయి. ఆ లెక్క సర్కారు గుమాస్తాకి పట్టలేదు, పట్టాల్సిన అవసరమూ లేదు.

వేలం పాట కొట్టెయ్యగానే నాలుగోవంతు అక్కడికక్కడ కట్టాలి. మిగతాది గడువులోపల. పై అధికారి ఖాయం చేస్తేనే పాట నిలుస్తుంది. డెలివరీ ఆర్డరు వచ్చాక ఇన్ని రోజుల్లో తీసుకుపోవాలి, లేకపోతే స్థలం అద్దె పడుతుంది. ఈ ఖాయం చెయ్యడం దగ్గరే అన్నీ ఆగిపోయేవి. ఒక డిపోలో, పేరెందుకులెండి, పాట కొట్టిన వానాకాలానికీ ఖాయమైన వానాకాలానికీ మధ్య బళ్ళ బ్యాటరీలు మాయమయ్యాయి, డైనమోలు మాయమయ్యాయి, టైర్ల స్థానంలో అరిగిన టైర్లొచ్చాయి. నాన్న గోలపెడితే గుమాస్తా షరతు మీద వేలు పెట్టి చూపించాడట. ఎలా ఉందో అలా.

ఇక వ్యాపారుల తెలివి. దాన్ని తెలివి అనడం నాకే ఇబ్బంది, కానీ దాచిపెట్టడం ఇంకా తప్పు. పెద్ద వేలాలకి ముందు రాత్రి మద్రాసు సత్రంలో కూటం కలిసేది. కోయంబత్తూరు నుంచి వచ్చే నాయుళ్ళు, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళు; మద్రాసు మార్వాడీలు; సికింద్రాబాదు నుంచి ఒకరిద్దరు; బెజవాడ నుంచి మావాళ్ళు. ఏ లాటు ఎవరు పాడాలో అక్కడే తేలిపోయేది. తెల్లారి వేలంలో ఒకడు పాడతాడు, మిగతావాళ్ళు ఆకాశం చూస్తారు. లాటు చవగ్గా పడుతుంది. సాయంత్రం మళ్ళీ సత్రంలో వాళ్ళలో వాళ్ళకి అసలు పాట జరుగుతుంది. ఆ ధరకీ పొద్దుటి ధరకీ మధ్య తేడా అందరూ పంచుకుంటారు. కూటంలో లేని కొత్తవాడెవడన్నా చెయ్యెత్తితే వాడికి తగిన బుద్ధి చెప్పేదాకా పాట పెంచేసి, నెత్తిన కట్టి వదిలేవారు. పొలం కుదువబెట్టి వచ్చి, అలా ఒకే ఒక్క లాటుతో మునిగిపోయిన గుడివాడ దగ్గరి రైతొకాయన మా అరుగు మీద కూర్చుని ఏడవడం నేను చూశాను. ఆయనకి నాన్న మజ్జిగ ఇచ్చాడు. డబ్బివ్వలేదు.

సర్కారుకి దీనివల్ల నష్టమా అంటే నష్టమే. కానీ నా లెక్కలో అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. మోసం జరిగిన వేలంలో లారీ అయినా రోడ్డెక్కింది. మోసం జరగకూడదని ఫైలు చుట్టూ ఫైలు కట్టి మూడేళ్ళు ఆపిన చోట లారీ పాతినుమై వీసెల్లెక్కన పోయింది. సరుకు అమ్మేవాడి దగ్గర నిజానికి ఉన్న ఆస్తి రోజులే. ఆ రోజులు ఖర్చయ్యాక ఎంత నిజాయితీగా వేలం వేసినా వచ్చేది తుక్కు ధరే. నాన్న నోటితో చెప్పే మాట కాదిది. ఆయన దగ్గరున్న పాత లాట్ల పుస్తకాలు తిరగేస్తే నాకు తోచింది. 1947లో కొన్న బళ్ళకీ, 1952లో కొన్న అవే రకం బళ్ళకీ ఆ పుస్తకాల్లో పోలికే లేదు.

ఇంట్లో మాకు గుర్తున్నది వేరే. లారీలు బెజవాడ దాకా వచ్చేవి, వాటి వెనకే గోనెలు వచ్చేవి. సైనికుల బూట్ల గోనెలయితే పండగే. గోనె అరుగు మీద బోర్లిస్తే కుడీ ఎడమా, చిన్నా పెద్దా అన్నీ కలగాపులగం. అమ్మ, పిన్ని, మేం పిల్లలం చుట్టూ కూర్చుని జతలు కట్టేవాళ్ళం. అడుగున తోలు మీద నంబరు అచ్చేసుంటుంది, ఆ పక్కన బాణం గుర్తు. మడమకి గుర్రానికి కొట్టినట్టు లాడం, ముందు భాగమంతా మేకులు. ఒక్కో బూటు సేరున్నర బరువు తూగుతుందేమో అనిపించేది. జత దొరకనివి విడిగా పోసేవాళ్ళం. వాటినీ పారేసేవాళ్ళు కాదు. పైతోలు చెప్పులు కుట్టేవాళ్ళు కొనేవారు, లాడాలు కమ్మరి కొనేవాడు. ఒకసారి బూటులోంచి మడతపెట్టిన కాగితం దొరికింది. అరవంలో రాసుంది, మాకెవరికీ చదవడం రాలేదు. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. ఎందుకో ఆవిడకే తెలియాలి.

జెర్రీ క్యాను లేని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. అది జర్మను వాళ్ళు చేసిన నమూనా, ఇంగ్లీషు వాళ్ళు యుద్ధంలో పట్టుకుని కాపీ కొట్టారు. ఇరవై లీటర్లు పడుతుంది. పైన మూడు పట్టీలుంటాయి. నిండు క్యానుని ఇద్దరు చెరో పట్టీ పట్టుకుని మోయొచ్చు, ఖాళీవయితే ఒకే చేత్తో రెండు కలిపి పట్టుకోవచ్చు. మూత లివరు నొక్కితే టప్పుమని పడుతుంది, చుక్క కారదు. రేకు మీద అడ్డంగా నొక్కిన గీతలు లోపల పెట్రోలు ఎండకి ఉబ్బినప్పుడు రేకు సాగడానికట. ఇంత ఆలోచించి చేసిన డబ్బాలో మా మేనత్త కిరసనాయిలు పోసుకునేది. మా తాత కృష్ణ కాలవ నీళ్ళు పోయించి పురోహితుడితో పుణ్యాహవాచనం చేయించాడు, పెట్రోలు వాసన పోవడానికి కాదు, ఎవరు ముట్టుకున్నదో అని.

పారాచూట్ గుడ్డ ఇంకో వేడుక. తెల్లగా, నున్నగా, గాలికి తేలిపోయేది. జాకెట్లు కుట్టించుకున్నారు, కిటికీలకి తెరలు కట్టారు, నాటకాల వాళ్ళు దేవతలకి పైట వేశారు. టెంటు గుడ్డలు పెళ్ళి పందిళ్ళకి, ధాన్యపు రాసుల మీద కప్పడానికి. గ్రేట్‌కోట్లు మన ఎండలకి ఎవరు కొంటారులే అనుకున్నారు గానీ, మార్కెట్ యార్డుల కాపలావాళ్ళు, రాత్రి లారీ డ్రైవర్లు వేసుకుని తిరిగేవారు. మలేరియాకి సిపాయిలకిచ్చిన పచ్చబిళ్ళలు, డీడీటీ పొడి డబ్బాలు కూడా ఏదో దారిన బజారుకి వచ్చేశాయి. రేడియో వాల్వులు మద్రాసు మూర్ మార్కెట్టులో కుప్పలు పోసి అమ్మేవారు. ఆ మార్కెట్టు 1985లో తగలబడిపోయింది. మా చిన్నాన్న అక్కడ కొన్న మిలిటరీ రిసీవరుకి తీగలు కట్టి, ఇల్లంతా నిద్రపోయాక, సిలోను, బీబీసీ, ఇంకా అర్థం కాని భాషలేవో వినేవాడు. తర్వాత ఆయన రేడియో మెకానిక్కయ్యాడు. చదువు ఎనిమిదో తరగతే.

మళ్ళీ లారీల దగ్గరికొస్తాను, అసలు సంగతంతా అక్కడే ఉంది. యుద్ధంలో పెట్రోలు రేషను కాబట్టి మా వైపు బస్సులు బొగ్గు మీద నడిచాయి. బస్సు వెనక పీపాలాంటి కుంపటి, క్లీనరు చక్రం తిప్పి గాలి కొట్టాలి, పొగలోంచి వచ్చే వాయువుతో ఇంజను దగ్గుకుంటూ నడవాలి. కాలవ వంతెన ఎక్కేటప్పుడు జనం దిగి తొయ్యాలి. అలాంటి చోటికి మిలిటరీ ఛాసిస్‌లు వచ్చి పడ్డాయి. మా షెడ్డులో మొండిముక్కు షెవర్లే క్యాబినుని రంపంతో కోసి పక్కనపడేసి, ఛాసిస్ పొడుగు సరిపోకపోతే మధ్యలో ఇనప దూలం అతికి సాగదీసేవారు. వడ్రంగులు టేకు చట్రం నిలబెట్టేవారు, దాని మీద రేకు బిగించేవారు. కొలతలు కాగితం మీద ఉండేవి కావు, మేస్త్రీ జానలతో కొలిచేవాడు. వెనక దేవుడి బొమ్మ, పక్కన పల్లెల పేర్లు రాయడానికి ఒక పెయింటరు. సిపాయిల్ని మోసిన బండి మీద నెల తిరక్కుండా ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి అని రాసుండేది. మూడిరుసులూ తిరిగే అమెరికా జీఎంసీ ఒకటి ఎవరూ పాడకపోతే నాన్న తెచ్చాడు. భద్రాచలం వైపు కలప కాంట్రాక్టరు దాన్ని అడవిలోకి తీసుకుపోయాడు. మామూలు లారీ దిగబడే చోట అది దుంగలు లాక్కొచ్చేదట.

ఈ పని చేసిన మేస్త్రీల్లో సగంమంది యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపుల్లో పనిచేసి వచ్చినవాళ్ళు. అంటే ప్రభుత్వం బండినీ వదిలింది, దాన్ని బాగుచేసే చేతినీ వదిలింది. బండికి ధర కట్టారు కానీ చేతికి ఎవరూ కట్టలేదు.

ఆ రోజుల్లోనే జీపుల గొడవ ఒకటి దేశమంతా మోగింది. కాశ్మీరు యుద్ధానికని 1948లో లండన్‌లో మన హైకమిషనరు కృష్ణమేనన్, పాత జీపుల్ని బాగుచేసి ఇచ్చే ఒక విదేశీ కంపెనీతో 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నాడు. పద్ధతి ప్రకారం జరగలేదన్నారు. చివరికి వచ్చినవి 155, అవీ పనికిరావని తేల్చారు. విచారణ సంఘానికి పెద్దగా ఉన్నది మన తిరుపతి వైపు వారే, మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1955 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ కేసు మూసేసింది, మరుసటేడు మేనన్ మంత్రయ్యాడు. మా షెడ్డులో దీని మీద రాజకీయం మాట్లాడుకోలేదు. వాళ్ళ ఆశ్చర్యమంతా ఒకటే: మన డిపోల్లోనే ఎండకి ఎండుతున్న జీపులుండగా, చూడకుండా, నూనె వాసన కూడా పట్టకుండా, సముద్రం అవతల పాత జీపులు కొన్నదెవరయ్యా అని. "వాళ్ళకి యాజ్ ఈజ్, వేర్ ఈజ్ అంటే తెలియదు పాపం," అనేవాడు పెద్దమావయ్య.

వ్యాపారం ఒక్కసారిగా మూతపడలేదు, సన్నగిల్లిపోయింది. 1954లో టాటా మెర్సిడెస్ లారీలు జంషెడ్‌పూర్ నుంచి రావడం మొదలయ్యాక కొత్త బండి అప్పు మీద కొనడం సులువైంది. పాత వాటికి సామాను దొరకడం కష్టమైంది. 1958 జనవరిలో ఆర్టీసీ ఏర్పడ్డాక ముందుగా బస్సులు జాతీయం చేసింది మా కృష్ణా జిల్లాలోనే. బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసని లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠం చెబుతారు, వాదన విన్నవాడొకడు, తీర్పిచ్చినవాడొకడు అయితే కుదరదన్న కేసు. మొదటి రౌండులో యజమానులే గెలిచారు. తర్వాత పద్ధతిగా మళ్ళీ చేసి తీసుకున్నారు. మా షెడ్డులో కట్టిన టేకు బస్సులు ఒక్కోటీ మూలబడ్డాయి. 1962లో చైనాతో యుద్ధం వచ్చాక మిలిటరీ వాళ్ళకి ఉన్న సరుకే చాల్లేదు, అమ్మడం మాటెక్కడిది. 1966లో ఆటోనగర్ వచ్చింది. ఊళ్ళో చెల్లాచెదురుగా ఉన్న షెడ్లన్నీ అక్కడికి పోయాయి. నాన్న కూడా అక్కడే స్పేరు పార్టుల కొట్టు పెట్టాడు. కొత్తవే, పెట్టెల్లో వచ్చేవి, వారంటీ కాగితంతో సహా. ఆ కొట్టులో ఆయన కూర్చున్నన్నాళ్ళూ విసుగ్గానే ఉండేవాడు. పెట్టె విప్పి చూడాల్సిన పనే లేకపోతే ఇక వ్యాపారి ఎందుకనేవాడు.

సరఫరాల, డిస్పోజల్స్ డైరెక్టరేటు కూడా 2017లో మూసేశారు. ఇప్పుడు మిలిటరీ పాతసామాను ఎక్కువగా ఎం.ఎస్.టీ.సీ. వెబ్‌సైటులో ఆన్‌లైను వేలానికి వస్తుంది. సత్రం లేదు, సైగలు లేవు, ఎవరు పాడుతున్నారో ఎవరికీ కనపడదు. మంచిదే. గుడివాడ రైతులాంటివాడికి ఇందులో కాస్త న్యాయం జరుగుతుందనే నా నమ్మకం. మొన్న మా తమ్ముడి కొడుకు ఫోనులో ఒక లాటు చూపించాడు, పాత మిలిటరీ జిప్సీలు, నాలుగు ఫోటోలు. "పెదనాన్నా, ఇంజను బాగానే ఉంటుందంటావా?" అన్నాడు. ఫోటోలో ఏం తెలుస్తుందిరా, తనిఖీ రోజు వెళ్ళి డిప్‌స్టిక్ తీసి చూడన్నాను. తనిఖీ శుక్రవారమట. వాడికి ఆరోజు ఆఫీసులో మీటింగుందట. వెళ్ళకుండానే పాడాడు.